బాటిల్ లేని భోజనాల బంతి: మా ఊరి కమ్యూనిటీ హాలు డైరీ

ఫిబ్రవరి 9, ఆదివారం

మాది షామియానా సప్లయర్స్ వ్యాపారం. టెంట్లు, కుర్చీలు, బల్లలు, వంటపాత్రలు అద్దెకిస్తాం. ఊరు భీమవరానికి దగ్గర్లో, గోదావరి పశ్చిమ డెల్టాలో. కమ్యూనిటీ హాలు వెనక గోడని ఆనుకునే పంటబోదె ఉంది. హాల్లో ఏ ఫంక్షన్ అయినా మర్నాడు ఆ బోదెలో చిన్న బాటిళ్లు తేలుతుంటాయి.

నిన్న రాత్రి పెళ్లి. ఇవాళ పొద్దున్న సామాను ఎత్తడానికి వెళ్తే ఎందుకో బాటిళ్లు లెక్కపెడదామనిపించింది. మా కుర్రాళ్లిద్దరూ నాకేదో అయిందనుకున్నారు గానీ కూర్చుని ఏరారు. మూత తీసినవి 640. అన్నీ పావు లీటరువే. సగం తాగి వదిలేసిన నీళ్లన్నీ ఇరవై లీటర్ల టిన్నుల్లోకి వంపితే రెండు టిన్నులు నిండి మూడోది అంచు దాకా వచ్చింది. దాదాపు 58 లీటర్లు. మొత్తం నీళ్లు 160 లీటర్లు కదా, అందులో మూడో వంతు పైనే ఎవరి గొంతూ తడపలేదు.

డబ్బు లెక్క కూడా వేశాను. బాటిల్ ఐదు రూపాయల చొప్పున పెళ్లివారికి 3,200 అయింది. అదే 160 లీటర్లు మా ఊరి మంచినీళ్ల ప్లాంటు టిన్నుల్లో తెస్తే ఎనిమిది టిన్నులు, 160 రూపాయలు. ఖాళీవి తూకం వేస్తే ఆరు కిలోల పైచిలుకు. పాత సామాన్ల ఆయన కిలోకి పది ఇస్తానన్నాడు. 3,200 పెట్టి కొన్నది తెల్లారేసరికి అరవై రెండు రూపాయలైంది.

ఫిబ్రవరి 16

హాలు కమిటీ మీటింగు. ప్రెసిడెంటు గారితో కలిపి ఆరుగురం. హాల్లో బాటిళ్లు తగ్గిద్దాం, స్టీలు గ్లాసులు పెడదాం అన్నాను. మొదట వచ్చిన మాట, "బాటిల్ పెట్టకపోతే చూసినవాళ్లు ఏమంటారు?" రెండో మాట ఇంకా సూటిగా వచ్చింది. మా వరస బావ ఒకాయన నవ్వుతూనే అన్నాడు. "బాటిల్ పోతే గ్లాసు కావాలి. గ్లాసు ఎవరి దగ్గర అద్దెకి తెచ్చుకోవాలి? నీ దగ్గరే కదా!"

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కారణం అందులో నిజం ఉండటమే. అక్కడికక్కడే తేల్చేశాను. గ్లాసులు నావి కావు, హాలువి. అద్దె హాలు ఖాతాలోకే. మోయడం, కడిగించడం, లెక్క చూడటం నా వంతు. కొనడానికి సగం నేను, సగం కమిటీ. అప్పుడు ఒప్పుకున్నారు.

ఇంకొకాయన "ప్లాస్టిక్ బ్యాన్ చేశారు కదా, బాటిళ్లు కూడా బ్యానే అని బోర్డు పెట్టేద్దాం" అన్నాడు. అది కుదరదు. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన లిస్టులో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు ఉన్నాయి గానీ మంచినీళ్ల బాటిల్ లేదు. అబద్ధపు బోర్డు పెడితే, తెలిసినవాడొకడు వచ్చి నిలదీసిన రోజున మన పరువే పోతుంది.

ఫిబ్రవరి 23

విజయవాడ వన్‌టౌన్ వెళ్లి 600 గ్లాసులు తెచ్చాను. ఒక్కోటి 24 పడింది, మొత్తం 14,400. పలచటివి పద్దెనిమిదికే ఇస్తానన్నాడు. చేత్తో నొక్కితే సొట్ట పడుతున్నాయి, వద్దన్నాను. అడుగున హాలు పేరు చెక్కించాను. మా వీధిలో ఇంటింటా ఎవరెవరి పెళ్లి గ్లాసులో కనిపిస్తుంటాయి, అందుకని.

కుళాయి ఉన్న వంద లీటర్ల నీలం డ్రమ్ములు నాలుగు మా గోడౌన్‌లోనే ఉన్నాయి. అవి సరిపోతాయనుకున్నాను. ఎంత తప్పో తర్వాత తెలిసింది.

మార్చి 2, ఆదివారం

మొదటి ట్రయల్, ఓణీల ఫంక్షన్. 250 మంది. ఘోరంగా పోయింది.

హాలు రెండు మూలల్లో రెండు డ్రమ్ములు పెట్టాను, పక్కన బల్ల మీద గ్లాసులు. కావలసినవాళ్లు వచ్చి పట్టుకుంటారని నా ఆలోచన. అన్నం ముందు కూర్చున్నవాడు ఎంగిలి చేత్తో లేచి డ్రమ్ము దగ్గరికి ఎలా వస్తాడు? ఇంత వయసొచ్చి ఆ మాత్రం తట్టలేదు నాకు. గోంగూర మాంసం కారానికి ఒక పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. వాళ్ల అమ్మమ్మ "నీళ్లేవిరా, నీళ్లు!" అని కేక పెట్టింది. దానికి తోడు గ్లాసులు నీచు వాసన. వంటవాళ్లు కూర గిన్నెలు తోమిన టబ్బులోనే వీటినీ ముంచేశారు.

ఇరవై నిమిషాల్లో పిల్ల మేనమామ బండేసుకెళ్లి బాటిళ్ల కేసులు తెచ్చేశాడు. నా మొహం కూడా చూడలేదు. నేను వంటల పక్కకి వెళ్లి నిలబడ్డాను.

మార్చి 4

రెండు రోజులు ఎవరితోనూ ఈ సంగతి ఎత్తలేదు. ఇవాళ మా అమ్మ దగ్గర కూర్చుంటే తనే అడిగింది. "మా పెళ్లిలో బాటిళ్లు ఉన్నాయేంట్రా?"

లేవు. మరేం ఉంది? జగ్గు పట్టుకుని బంతి వెంట తిరిగే కుర్రాళ్లు ఉండేవారు. అన్నదమ్ముల పిల్లలు, వీధి కుర్రాళ్లు. వడ్డన ఒకళ్లు, నీళ్లు ఒకళ్లు. మా చిన్నప్పుడు నాకు పడిన మొదటి డ్యూటీ కూడా నీళ్ల జగ్గే. పప్పు గరిటె చేతికి రావాలంటే మీసాలు రావాలి.

ఆ కుర్రాళ్లు ఇప్పుడు హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నారు. పెళ్లికి వచ్చినా షేర్వాణీ వేసుకుని అతిథిలా కూర్చుంటారు. వడ్డన క్యాటరింగ్ వాళ్ల చేతికి పోయింది. నీళ్లు పోయడానికి వేరే మనిషిని పెడితే క్యాటరర్‌కి కూలీ దండగ. అందుకని ఆకు పక్కన ఒక బాటిల్ పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. నేనేమో ఇన్నాళ్లూ బాటిల్ బదులు గ్లాసు పెడితే చాలనుకున్నాను. ఆ బాటిల్ కూర్చున్నది జగ్గు పట్టుకునే కుర్రాడి చోట్లో.

మార్చి 10 నుంచి 20 వరకు

మనుషుల్ని వెతికే ముందు నీళ్ల సంగతి చూడాలనిపించింది. మా వైపు నీళ్ల కథ చిత్రంగా ఉంటుంది. చుట్టూ కాలువలు, చెరువులు, ఎటు చూసినా నీళ్లే. బోరు వేస్తే ఉప్పు. రొయ్యల చెరువులు వచ్చాక ఇంకా ఎక్కువైందని పెద్దవాళ్లు అంటారు. ఊరచెరువు కాలువ నీళ్లతో నింపుకుని, ఫిల్టర్ చేసి కుళాయికి వదులుతారు. తాగడానికి మాత్రం అందరూ ఆర్వో ప్లాంటు టిన్నే.

రెండొందలు పెట్టి, నీళ్లలో ఉప్పు కొలిచే టీడీఎస్ మీటర్ కొన్నాను. ఇంటి వెనక బోరు 2,350, పంచాయతీ కుళాయి 260, ప్లాంటు టిన్ను 45 చూపించాయి. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. వేరే దారి లేనప్పుడు 2,000 దాకా. అంటే మా కుళాయి నీళ్లలో ఉప్పు విషయంలో పేచీ ఏమీ లేదు. మీటర్ జేబులో పెట్టుకుని రెండు రోజులు శాస్త్రవేత్తలా తిరిగాను. గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్ గారు గాలి తీసేశారు. "టీడీఎస్ అంటే కరిగిన లవణాలండీ. క్రిములు ఉన్నాయో లేవో అది చెప్పదు." నిజమే, మురుగు కలిసిన నీళ్లకీ అది 260 చూపించవచ్చు.

ఆయన దగ్గర ఫీల్డ్ టెస్ట్ కిట్‌లో హెచ్‌టూఎస్ సీసాలు ఉన్నాయి. గీత దాకా నీళ్లు నింపి, మూత పెట్టి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే మలం తాలూకు బ్యాక్టీరియా కలిసిందని అనుమానించాలి. మూడు సీసాలు తీసుకున్నాను. ప్లాంటు దగ్గర పట్టినవి, కుళాయివి, మా డ్రమ్ములో పోశాక దాని కుళాయి నుంచి పట్టినవి.

మర్నాడు సాయంత్రానికి మూడోది నల్లగా, ఇంకులా అయింది. మొదటి రెండూ మారలేదు.

ప్లాంటు నీళ్లు బాగున్నాయి, చెడ్డది నా డ్రమ్ము. కుళాయి విప్పి చూస్తే లోపల ఆకుపచ్చటి జిగురు. ఏళ్ల తరబడి అద్దెకి తిరిగిన డ్రమ్ములవి, లోపల ఎవరూ తోమలేదు. "బాటిల్ అయితే సీలు ఉంటుంది, మీ డ్రమ్ము ఎవడు కడిగాడో" అని మా బావ ఇదివరకు ఒకసారి అంటే కోపం వచ్చింది. ఆయన అన్నదే నిజమైంది. ఈ సంగతి కమిటీకి దాచకుండా చెప్పాను, సీసా కూడా చూపించాను.

మార్చి 27

కడిగే పద్ధతి ఇదీ, రెండు వారాలు తంటాలు పడ్డాక కుదిరింది.

గ్లాసులకి మూడు టబ్బులు, అవి గ్లాసులకే. కూర గిన్నె ఏదీ వాటి దగ్గరికి రాకూడదు. మొదటిదాంట్లో సబ్బు, కొబ్బరి పీచు. రెండోదాంట్లో మంచినీళ్లు. మూడోదాంట్లో ఇరవై లీటర్లకి ఒక చెంచా బ్లీచింగ్ పౌడరు ముందు చిన్న గిన్నెలో కలిపి, తేరిన నీళ్లే పోయాలి. రెండు నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లలో ముంచి, ట్రేల్లో బోర్లించి ఎండలో పెట్టాలి. గుడ్డతో తుడవకూడదు, ఆ గుడ్డే అసలు మురికి.

రెండు నిమిషాలు అని ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మొదటిసారి శుభ్రంగా అవుతాయి కదా అని ఒక ట్రే గ్లాసులు రాత్రంతా బ్లీచింగ్ నీళ్లలో వదిలేశాను. పొద్దున్నకి తుప్పు చుక్కలు. స్టీలుకి క్లోరిన్ ఎక్కువసేపు పడదు. నలభై గ్లాసులు చుక్కల చీరలా తయారయ్యాయి. అవి ఇప్పుడు వంటవాళ్ల టీలకి.

డ్రమ్ములు నాలుగూ పక్కన పడేసి, పైన వెడల్పు మూత ఉన్నవి కొత్తవి రెండు తెచ్చాను. చెయ్యి లోపలిదాకా వెళ్లి తోమగలగాలి, అదొక్కటే చూశాను. కుళాయి ప్రతిసారీ విప్పాలి. మళ్లీ సీసా పరీక్ష చేస్తే రెండు రోజులైనా నల్లబడలేదు.

ఏప్రిల్ 16

అసలైన పరీక్ష. పెళ్లి, 800 మంది. పెళ్లికూతురి తండ్రి నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడు, లేకపోతే ఒప్పుకునేవాడు కాదు. ఆయన భయమల్లా మగపెళ్లివారి గురించే. "బావగారూ, మనవాళ్లయితే సర్దుకుంటారు. వాళ్లు ఏమనుకుంటారో అని టెన్షన్." బేరం కుదుర్చుకున్నాం. బాటిళ్లు పది కేసులు తెచ్చి లోపల ఉంచుతాం, ఆకు పక్కన మాత్రం పెట్టం. అడిగినవాళ్లకి మారు మాట్లాడకుండా ఇస్తాం.

నీళ్లు పోయడానికి డ్వాక్రా గ్రూపు నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. మనిషికి 500. బంతికి 200 మంది, ఒక్కొక్కరికి యాభై ఆకులు. ఆకు వేయగానే ముందు గ్లాసు, వెంటనే నీళ్లు. అన్నం రాకముందే నీళ్లు రావాలి, ఇది వాళ్లలో పెద్దావిడ పెట్టిన రూలు. గ్లాసు నిండా పోయద్దని కూడా ఆవిడే చెప్పింది. ముప్పాతిక పోసి, ఖాళీ అయితే మళ్లీ పోయాలి. "నిండా పోస్తే పారబోస్తారు బాబూ, అడిగి పోస్తే తాగుతారు."

మగపెళ్లివారి వైపు ఒక పెద్దాయన గ్లాసు ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. నా గుండె జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తాగాడు. రెండో గ్లాసు అడిగాడు.

రాత్రి లెక్క: అడిగి తీసుకున్న బాటిళ్లు 61. అందులో సగం ప్రయాణంలోకని పట్టుకెళ్లినవే. ఇదివరకు ఇంత పెళ్లికి 1,300 దాకా పోయేవి, 6,500 ఖర్చు. ఇవాళ టిన్నులు పదిహేను 300, నీళ్లు పోసినవారికి 2,000, కడిగినవారిద్దరికీ 1,000, గ్లాసుల అద్దె 600. మొత్తం 3,900. దానికి ఆ 61 బాటిళ్లకి 305 కలుపుకోవాలి. మిగిలిన కేసులు కొట్టువాడు వెనక్కి తీసుకున్నాడు. తీసుకుంటాడని ముందే మాట్లాడుకున్నాం, ఇది మరిచిపోకూడని సంగతి.

3,900లో 3,000 ఊళ్లో ఆడవాళ్ల చేతుల్లోకే వెళ్లాయి. ఈ మాట మీటింగులో చెప్పినప్పుడు ప్రెసిడెంటు గారు మొదటిసారి డైరీ అడిగి తీసుకుని చూశారు.

మే 6

కాలువలు కట్టేశారు. ఊరచెరువు నీళ్లు జాగ్రత్తగా వదులుతున్నారు, కుళాయి రోజు విడిచి రోజు. టిన్ను రేటు ఐదు రూపాయలు పెరిగింది. పెళ్లిళ్ల సంగతి బాగానే ఉంది గానీ, బస్టాపు దగ్గర చలివేంద్రం పెట్టి తప్పులో కాలేశాను.

చలివేంద్రం అంటే కుండ, పందిరి, తడి ఇసుక, ఒక మనిషి. అంతవరకు బాగా చేశాం. గ్లాసు పోతుందని గొలుసు కట్టాం. ఆ గొలుసు గ్లాసుతో ఎవరూ తాగలేదు. పక్క బడ్డీకొట్టులో ఇరవై రూపాయల బాటిల్ కొనుక్కుని, మా పందిరి నీడలో నిలబడి తాగేవారు. ఇంతకంటే అవమానం ఉంటుందా!

కొట్టు బాబాయి నా మీద కోపంగా ఉన్నాడని తెలిసి వెళ్లి మాట్లాడాను. లీటరు బాటిల్ మీద ఆయనకి ఎనిమిది, తొమ్మిది మిగులుతుంది. ఎండాకాలం ఆయనకి అదే పెద్ద ఆదాయం. పర్యావరణం గురించి ఆయనకి క్లాసు పీకే హక్కు నాకు లేదనిపించింది. అటూ ఇటూ మాట్లాడి ఒకదారి పట్టాం. చలివేంద్రం టిన్నులు ఆయన కూలర్‌లోనే చల్లబడతాయి. ఎవరైనా తమ బాటిల్ తెచ్చుకుంటే లీటరు చల్లటి నీళ్లు మూడు రూపాయలకి నింపుతాడు. కుండ నీళ్లు ఎప్పటిలా ఉచితం, గొలుసు తీసేసి, పొడుగు కాడ గరిటెతో పైనుంచి దోసిట్లోనో బాటిల్లోనో పోసేలా మార్చాం.

పది రోజులు చూస్తే, బాటిల్ అమ్మకాలు ఆయనకి కాస్త తగ్గాయి, నింపుకునేవాళ్లు రోజుకి ముప్పై, నలభై మంది. ఎక్కువమంది కాలేజీ పిల్లలు, ఆటోవాళ్లు. కారుల్లో ఆగేవాళ్లు మాత్రం ఇప్పటికీ సీలు బాటిలే. వాళ్ల సంగతి నేను వదిలేశాను.

జూన్ 8

కాలువలు వదిలే ముందు రైతులు బోదెలు బాగుచేసుకున్నారు. హాలు వెనక తూము దగ్గర గుర్రపుడెక్క లాగితే దాని వేళ్లలో చిక్కుకుని పాత బాటిళ్లు మూడు గోనెసంచులు వచ్చాయి. ఫిబ్రవరికి ముందువి, అంతకు ముందు ఏళ్లవి. లేబుల్ ఊడిపోయింది గానీ బాటిల్ నిన్న పడేసినట్టే ఉంది. నీళ్లు ఎక్కక చివరి చేలవాళ్లు ఏటా పైవాళ్లతో తగాదా పడేది ఈ తూము దగ్గరే. చివరి చేను మా బావదే. ఆయన సంచులు చూసి ఏమీ అనలేదు. సాయంత్రం ఫోన్ చేసి, వాళ్లబ్బాయి ఎంగేజ్‌మెంట్‌కి గ్లాసులు రాసుకోమన్నాడు.

జులై, ఆషాఢం

పెళ్లిళ్లు లేవు. గ్లాసుల లెక్క చూశాను. 600లో టీలకి పోయిన నలభై తీస్తే 560 ఉండాలి, 531 ఉన్నాయి. చెక్కించిన పేరు దొంగని ఆపదు. సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీల్ బ్యాంకులు పెట్టి గిన్నెలు, గ్లాసులు ఫంక్షన్లకి ఇస్తారు కదా, అటువైపు మా టెంట్ల వ్యాపారి ఒకాయన తెలుసు, అడిగాను. ముందే డిపాజిట్ పట్టుకోండి అన్నాడు. ఇక్కడ అందరూ చుట్టాలే, డిపాజిట్ అడిగితే మొహాలు మాడతాయి. పోయిన గ్లాసుకి ముప్పై అని రసీదు మీదే రాయిస్తున్నాను.

ఆగస్టు 31

చవితి పందిట్లో అన్నసమారాధన, 2,500 మందికి. ఇక్కడొక చిక్కు. పెద్ద నాయకుడొకాయన బాటిళ్లన్నీ తనే ఇస్తానన్నాడు, లేబుల్ మీద తన ఫోటోతో. కాదంటే బాగుండదు, అవునంటే ఆర్నెల్ల పని బోదెలోకి పోతుంది. కుర్రాళ్ల కమిటీలో రెండు వర్గాలైపోయాయి.

దారి చూపించింది తిరుపతి వెళ్లొచ్చిన ఒకావిడ. "కొండ మీదే ప్లాస్టిక్ బాటిల్ అమ్మనివ్వట్లేదు. గాజు సీసా కొనుక్కుని, మళ్లీ ఇచ్చేస్తే డబ్బులు తిరిగిస్తున్నారు. జలప్రసాదం కుళాయిల దగ్గర పట్టుకుని తాగుతున్నాం. వెంకన్న దగ్గర లేని బాటిల్ వినాయకుడి దగ్గరెందుకు?" ఈ మాట ముందు నా టీడీఎస్‌లు, కిలోల లెక్కలు ఎందుకూ పనికిరావు. నాయకుడి మనుషులకి ఇదే చెప్పి, బాటిళ్ల బదులు నీళ్ల టిన్నులు, కొత్త గ్లాసులు 400 ఇప్పించమన్నాం. డ్రమ్ముల పైన 'నీటి దాత' అని గుడ్డ బ్యానరు కట్టాం. ఆయన వచ్చి జగ్గుతో నాలుగు గ్లాసుల్లో పోసి ఫోటో దిగాడు. దిగనివ్వండి.

బంతిలో నీళ్లు పోయడానికి ఈసారి కూలికి ఎవరినీ పెట్టలేదు. పండక్కి వచ్చిన హైదరాబాదు కుర్రాళ్లే జగ్గులు పట్టుకున్నారు. ఒకడు నా దగ్గరికి వచ్చి చెయ్యి నొప్పెడుతోందన్నాడు. ఎడమ చేత్తో పోస్తే పెద్దవాళ్లు ఒప్పుకోరు, కుడి చేత్తోనే పొయ్యమన్నాను.

నవంబరు 8, శనివారం రాత్రి

రేపు తోటలో కార్తీక వనసమారాధన. ఉసిరిచెట్టు కింద భోజనాలు, 600 మంది. అక్కడ కరెంటు లేదు, కుళాయి లేదు, కడగడానికి నీళ్లు ట్యాంకరుతోనే రావాలి. బాటిళ్లు పెట్టేద్దాం ఈ ఒక్కసారికి అని నేనే అన్నాను, నిజం చెప్పాలంటే. డ్వాక్రా పెద్దావిడ ఒప్పుకోలేదు. కడగడం అక్కడ వద్దు, మనిషికొక గ్లాసు, మురికివి ట్రేల్లో వెనక్కి తెచ్చుకుందాం అంది. గ్లాసులు 931 ఉన్నాయి కాబట్టి సరిపోతాయి.

ట్రేలు ట్రాక్టర్లోకి ఎక్కించాం. రెండో డ్రమ్ము కుళాయి కారుతోంది. పొద్దున్న ఆరింటికి కొట్టు తీయించి అరంగుళం వాషర్లు రెండు తెచ్చుకోవాలి.